కాలేయం పంపిన కబురు

నంద్యాల దగ్గర ఒక పల్లె అనుకుందాం. ఆ పల్లెలో తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి ఒకతె ఉంది. వాళ్ళ నాయనకు యాభై రెండేళ్ళు. ఆరేళ్ళుగా చక్కెర జబ్బు. మాత్రలు వేసుకుంటూ సేద్యం చేసుకుంటున్నాడు. ఒకసారి కర్నూలు వెళ్ళి రక్తపరీక్షలు చేయించుకొని వచ్చాడు. చేతికిచ్చిన కాగితంలో రెండు అంకెలు మాత్రం లావుగా అచ్చయి ఉన్నాయి. "ఎస్.జి.పి.టి. - 64" అని ఒకటి. "ఎస్.జి.ఓ.టి. - 48" అని ఇంకొకటి. పక్కనే "40 లోపు" అని ఉంది.

డాక్టరు దగ్గరికి మళ్ళీ పోవలసింది సోమవారం. ఈలోగా ఊళ్ళో తలా ఒక మాట చెప్పారు. "లివరు చెడిపోయినట్టే" అన్నాడు ఒకాయన. "షుగరు మాత్రలు మింగి మింగి లివరు కాలిపోయింది, వాటిని ఆపెయ్" అన్నాడు మరొకాయన. "పసరు మందు తాగితే మూడు రోజుల్లో దిగుతుంది" అంది పొరుగింటి అవ్వ. ఆ రాత్రి నాయనకు నిద్ర పట్టలేదు. "ఒక్కనాడూ తాగి ఎరగనే! నాకు లివరు జబ్బేందమ్మా?" అని కూతురిని అడిగాడు.

పిల్లలూ! ఇలాంటి కాగితం మీ ఇంట్లోకీ రావచ్చు. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి సర్వే ప్రకారం మన దేశంలో మధుమేహం ఉన్నవారు సుమారు 10 కోట్ల 10 లక్షల మంది. వారిలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఈ అంకెలు పెరుగుతాయి. కాబట్టి ఆ అంకెలు ఏం చెబుతాయో, ఏం చెప్పవో తెలుసుకుందాం.

చెరువు, తూము

కడప జిల్లా పోరుమామిళ్ళలో ఒక పెద్ద చెరువు ఉంది. విజయనగర రాజు బుక్కరాయల కుమారుడు భాస్కరుడు 1369లో దానిని కట్టించాడు. రోజుకు వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు రెండేళ్ళు పనిచేసినట్లు అక్కడి శాసనం చెబుతున్నది. మన రాయలసీమలో వాన ఏడాదంతా పడదు. కురిసిన నాలుగు రోజుల్లో నీటిని పట్టి ఉంచుకోవాలి. తర్వాత తూము ఎత్తి, పైరుకు కావలసినంత వదులుకోవాలి. చెరువు చేసే పని ఇదే.

మన ఒంట్లోనూ ఇలాంటి చెరువు ఒకటి ఉంది. అదే కాలేయం. కుడివైపు డొక్క ఎముకల చాటున ఉంటుంది. పెద్దవారిలో దాని బరువు సుమారు ఒకటిన్నర కిలో. మనం సంగటి తిన్నా, అన్నం తిన్నా అది అరిగి చక్కెరగా మారి రక్తంలో కలుస్తుంది. తిన్న వెంటనే వచ్చే ఈ చక్కెర వానలాంటిది. కాలేయం దానిలో కొంత పట్టి దాచుకుంటుంది. రాత్రి మనం నిద్రపోతున్నప్పుడు కొంచెం కొంచెంగా వదులుతుంది. అందుకే తెల్లవార్లూ ఏమీ తినకపోయినా మన మెదడు ఆకలితో మాడదు.

ఈ రహస్యాన్ని బయటపెట్టినవాడు ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు క్లాడ్ బెర్నార్డ్. 1855లో ఆయన ఒక కుక్క కాలేయాన్ని తీసుకొని దాని రక్తనాళాల గుండా నీటిని పంపి కడిగాడు. చక్కెర ఆనవాలు లేకుండా పోయేదాకా కడిగి, ఆ కాలేయాన్ని అలాగే వదిలేశాడు. మర్నాడు పరీక్షించి చూస్తే అందులో మళ్ళీ చక్కెర ఉంది! అది ఎక్కడినుంచి వచ్చింది? కాలేయంలోనే మరో రూపంలో దాగి ఉండాలి కదా! 1857లో ఆయన ఆ పదార్థాన్ని వేరుచేసి దానికి గ్లైకోజెన్ అని పేరు పెట్టాడు.

చెరువులో పూడిక

చెరువుకు హద్దు ఉంటుంది. కాలేయంలో పట్టే గ్లైకోజెన్ ఇంచుమించు వంద గ్రాములు. అంతకు మించి చక్కెర వచ్చిపడుతుంటే కాలేయం ఏం చేస్తుంది? దానిని కొవ్వుగా మారుస్తుంది. ఆ కొవ్వులో కొంత రక్తంలోకి పంపుతుంది. పంపలేనిది తన కణాల్లోనే చిన్న చిన్న బొట్లుగా నిలవ పెట్టుకుంటుంది. చెరువులో పూడిక చేరడం వంటిదే ఇది. కణాల్లో నూటికి అయిదు వంతులకు మించి కొవ్వుబొట్లు చేరితే దానిని కొవ్వు కాలేయం అంటారు. డాక్టర్లు "ఫ్యాటీ లివర్" అంటారు.

ఇందులో చక్కెర జబ్బు పాత్ర ఏమిటి? తిన్న తర్వాత క్లోమం నుంచి ఇన్సులిన్ అనే హార్మోను వస్తుంది. "చక్కెర వచ్చింది, తూము దించు, దాచిపెట్టు" అని కాలేయానికి ఆజ్ఞ ఇస్తుంది. పెద్దవారికి సాధారణంగా వచ్చే రెండో రకం మధుమేహంలో కాలేయం ఈ ఆజ్ఞను సరిగా వినదు. చక్కెర నిండుగా ఉన్నా తూము ఎత్తే ఉంచుతుంది. పరగడుపున చేసిన పరీక్షలో కూడా చక్కెర ఎక్కువగా కనిపించడానికి ఇది ఒక ముఖ్య కారణం. విచిత్రమేమంటే, "కొవ్వు తయారుచెయ్యి" అనే ఆజ్ఞను మాత్రం కాలేయం వింటూనే ఉంటుంది! పొట్ట దగ్గర పేరుకొన్న కొవ్వు కూడా కరిగి రక్తంలో కలిసి కాలేయానికే చేరుతుంది. అందుచేత ఈ రకం మధుమేహం ఉన్నవారిలో సగానికి పైగా మందికి కాలేయంలో కొవ్వు ఉంటుంది.

ఇక నాయన అడిగిన ప్రశ్నకు వద్దాం. తాగని వాడికి కాలేయం జబ్బు ఎందుకు? ఒకప్పుడు డాక్టర్లకూ ఇదే సందేహం వచ్చింది. అమెరికాలోని మేయో క్లినిక్‌లో జర్గెన్ లుడ్విగ్ అనే వైద్యుడు, ఆయన సహచరులు 20 మంది రోగుల కాలేయపు ముక్కలను సూక్ష్మదర్శినితో పరీక్షించారు. చూడడానికి అవి తాగుబోతుల కాలేయాల్లాగే ఉన్నాయి. కాని వారెవరికీ ఆ అలవాటు లేదు. వారిలో చాలామంది లావుగా ఉన్నారు, కొందరికి చక్కెర జబ్బు ఉంది. 1980లో లుడ్విగ్ బృందం ఈ సంగతిని ప్రకటించింది. 2021 ఫిబ్రవరిలో మన కేంద్ర ప్రభుత్వం కూడా ఈ జబ్బును మధుమేహం, గుండెజబ్బుల నివారణ కార్యక్రమంలో చేర్చింది. కాబట్టి కాలేయం జబ్బు అనగానే మనిషిని అనుమానంగా చూడకూడదు. అది ఆయనకు అవమానం కాదు.

ఆ అంకెలు ఏమిటి?

ఎస్.జి.పి.టి., ఎస్.జి.ఓ.టి. అన్నవి రెండు ఎంజైముల పాత పేర్లు. ఇప్పుడు వాటిని ఏ.ఎల్.టి., ఏ.ఎస్.టి. అని పిలుస్తున్నారు. మాంసకృత్తులనుంచి వచ్చే అమైనో ఆమ్లాలను ఒకదానినుంచి మరొకదానిగా మార్చడం వాటి పని. అవి ఉండవలసిన చోటు కణాల లోపల. కణం దెబ్బతింటే బయటికి కారి రక్తంలో కలుస్తాయి.

దీనిని అర్థం చేసుకోవడానికి ఒక చిన్న ప్రయోగం చేయండి. మీ సైన్సు మాస్టారిని దగ్గర ఉంచుకోండి. మందుల దుకాణంలో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడు కొంచెం, ఒక పచ్చి ఉర్లగడ్డ తెచ్చుకోండి. గడ్డ తొక్క మీద ఒక చుక్క వేయండి. పెద్దగా ఏమీ జరగదు. గడ్డను కోసి, కోసిన ముఖం మీద ఒక చుక్క వేయండి. బుడగలు వస్తాయి. ఇంకొక ముక్కను బాగా నలగ్గొట్టి దాని మీద వేయండి. నురుగు ఇంకా ఎక్కువగా పొంగుతుంది. ఎందుకు? ఉర్లగడ్డ కణాల్లో కాటలేజ్ అనే ఎంజైము ఉంది. కణాలు ఎంత నలిగితే అది అంతగా బయటపడుతుంది. బయటపడిన ఎంజైము పెరాక్సైడును విడగొట్టి ఆక్సిజన్‌ను వెలువరిస్తుంది. నురుగును చూసి కణాలు ఎంత నలిగాయో మనం ఊహించగలం.

రక్తపరీక్ష చేసే ప్రయోగశాలలో జరిగేదీ ఇలాంటిదే. అక్కడ నురుగును చూడరు. ఎంజైము ఎంత వేగంగా పనిచేస్తున్నదో కాంతి సాయంతో కొలుస్తారు. నిమిషానికి ఒక మైక్రోమోలు పదార్థాన్ని మార్చగలిగితే దానిని ఒక యూనిట్ అంటారు. నాయన కాగితంలోని 64 అంటే, ఒక లీటరు రక్తద్రవంలో ఆ ఎంజైము 64 యూనిట్ల పని చేయగలదని అర్థం. అంతేగాని కాలేయం నూటికి 64 వంతులు పాడయిందని కాదు!

ఇంకో సంగతి. ఈ ఎంజైములు కాలేయంలోనే ఉంటాయనుకోకండి. 1954లో న్యూయార్కులో లాడూ, వ్రోబ్లెవ్‌స్కీ, కార్మెన్ అనే ముగ్గురు గుండెపోటు వచ్చినవారి రక్తంలో ఏ.ఎస్.టి. పెరగడాన్ని గుర్తించారు. కాలేయం జబ్బులో కూడా అది పెరుగుతుందని ఆ తర్వాతే తెలిసింది. ఒంట్లోని కండరాల్లోనూ ఇది ఉంది. బేతంచెర్లలో రోజంతా నాపరాళ్ళు మోసినవారికి, అలవాటు లేకుండా శెనక్కాయ మూటలు ఎత్తినవారికి కండరాలు నలిగి కొద్ది రోజులపాటు ఈ అంకెలు పెరగవచ్చు. రక్తం ఇచ్చే ముందురోజు నాయన ఏం పని చేశాడో డాక్టరుకు చెప్పడం మంచిది.

కబురే గాని తీర్పు కాదు

పోరుమామిళ్ళ శాసనంలో చెరువుకు ఉండకూడని ఆరు దోషాలు రాశారు. అందులో మొదటిది కట్టనుంచి నీరు ఊరడం. కట్ట కింద ఊట కనిపిస్తే తెలివైన నీరుగంటి ఏం చేస్తాడు? "చెరువు పోయింది" అని ఏడవడు. "ఏం కాదులే" అని పడుకోడు. కట్ట వెంట నడిచి, ఊట ఎక్కడినుంచి వస్తున్నదో చూస్తాడు. ఎంజైము పెరగడం ఇలాంటి ఊట. అది కాలేయం పంపిన కబురు.

ఆ కబురు అందుకున్న డాక్టరు ఏయే పనులు చేస్తారు?

మొదట ప్రశ్నలు వేస్తారు. సారాయి అలవాటు ఉందా? ఏయే మాత్రలు, చూర్ణాలు, కషాయాలు వాడుతున్నావు? తర్వాత కొద్ది వారాలకో నెలలకో పరీక్ష మళ్ళీ చేయిస్తారు. కొందరిలో అంకెలు వాటంతట అవే దిగిపోతాయి.

రెండవది, కామెర్ల వైరస్‌లు ఉన్నాయేమో చూస్తారు. హెపటైటిస్ బి, సి అనే వైరస్‌లు ఏళ్ళ తరబడి చప్పుడు చేయకుండా కాలేయంలో ఉండగలవు. వీటిలో బి రకానికి టీకా ఉంది. జన్యు ఇంజనీరింగు పద్ధతిలో ఆ టీకాను మన దేశంలో మొదట తయారుచేసి 1997లో విడుదల చేసినది హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ సంస్థే.

మూడవది, కాలేయం పని ఎలా చేస్తున్నదో చూస్తారు. ఎంజైములు ఊటను మాత్రమే చెబుతాయి. చెరువు కింద పైరు పండుతున్నదా లేదా అన్నది వేరే సంగతి. అందుకు ఆల్బుమిన్, బిలిరుబిన్, రక్తం గడ్డకట్టే సమయం చూడాలి. ఆల్బుమిన్‌ను తయారుచేసేది కాలేయమే. రక్తం గడ్డకట్టడానికి కావలసిన పదార్థాల్లో చాలావాటిని తయారుచేసేదీ అదే. ఇవి సరిగా ఉంటే కాలేయం తన పని తాను చేసుకుపోతున్నదని అర్థం.

నాలుగవది, స్కానింగు. శబ్దతరంగాలను పంపి ప్రతిధ్వనిని చూస్తారు. కొవ్వు చేరిన కాలేయం తెరమీద మామూలుకంటే తెల్లగా కనిపిస్తుంది.

చివరిది చాలా ముఖ్యమైనది. కొవ్వు చేరి, కణాలు ఏళ్ళ తరబడి దెబ్బతింటూ ఉంటే కొందరిలో కాలేయంలో మచ్చలు కట్టి గట్టిపడుతుంది. అసలు భయపడవలసింది ఆ గట్టిదనానికి. దానిని అంచనా వేయడానికి "ఫిబ్-4" అనే ఒక లెక్క ఉంది. 2006లో వచ్చింది. మీరు కూడా చేయగలిగినంత తేలిక!

వయస్సును ఏ.ఎస్.టి.తో హెచ్చవేయాలి. ప్లేట్‌లెట్ల సంఖ్యను వేలల్లో తీసుకొని, ఏ.ఎల్.టి. వర్గమూలంతో హెచ్చవేయాలి. మొదటి దానిని రెండవ దానితో భాగించాలి. మన నాయనకు ప్లేట్‌లెట్లు 2 లక్షల 60 వేలు, అంటే 260 వేలు, ఉన్నాయనుకుందాం.

52 × 48 = 2496
64 వర్గమూలం 8; 260 × 8 = 2080
2496 ÷ 2080 = 1.2

1.3 కంటే తక్కువ వస్తే కాలేయం బాగా గట్టిపడి ఉండే అవకాశం తక్కువ. 2.67 దాటితే నిపుణుడి దగ్గరికి పంపుతారు. మధ్యలో ఉంటే కాలేయపు గట్టిదనాన్ని కొలిచే ఎలాస్టోగ్రఫీ అనే పరీక్ష చేస్తారు. గట్టి వస్తువులో తరంగం వేగంగా పోతుందన్న భౌతికశాస్త్ర సూత్రం దానికి ఆధారం. అయితే 35 ఏళ్ళలోపు వారికీ, 65 దాటినవారికీ ఈ హద్దులు సరిపోవు. కాబట్టి ఈ లెక్క వేసి ఇంట్లో ఎవరికీ తీర్పు చెప్పకండి. డాక్టరుకు ఇది ఒక పనిముట్టు మాత్రమే.

దీనికి వ్యతిరేకమైన పొరపాటు కూడా ఒకటి ఉంది. అంకెలు 40 లోపే ఉన్నాయి గనుక ఏ భయమూ లేదనుకోవడం! గట్టిపడిన కాలేయంలో సైతం ఎంజైములు మామూలుగా ఉండవచ్చు. నీరు అడుగంటిన చెరువుకు ఊట ఉండదు కదా! అందుకే మధుమేహం ఉన్నవారికి అంకెలు బాగున్నా డాక్టర్లు ఈ లెక్క వేసి చూస్తుంటారు.

ఏం చేయకూడదు, ఏం చేయాలి?

ఊళ్ళోవాళ్ళు చెప్పిన మాటలు గుర్తున్నాయా? మాత్రలు ఆపెయ్యమన్నారు. అది తప్పు. చక్కెరకు ఎక్కువగా వాడే మెట్‌ఫార్మిన్ కాలేయాన్ని దెబ్బతీయడం చాలా అరుదు. మాత్ర మానేస్తే చక్కెర పెరుగుతుంది. ఏ మాత్ర ఉంచాలో, ఏది మార్చాలో చెప్పవలసింది డాక్టరే.

పసరు మందు మాటేమిటి? కొన్ని రకాల కామెర్లు ఏ మందూ లేకుండానే కొన్ని వారాల్లో తగ్గిపోతాయి. ఆ పేరు పసరుకు వస్తుంది. కాని ఆకునుంచి రక్తంలో చేరే పదార్థాల్లో చాలావాటిని విడగొట్టవలసింది కాలేయమే. అలసిన ఎద్దు మీద మరో మూట వేసినట్లవుతుంది. 2021లో ముంబయి వైద్యులు తిప్పతీగ వాడిన ఆరుగురిలో కాలేయం దెబ్బతిన్నట్లు ప్రకటించారు. దానికి తిప్పతీగే కారణమన్న మాటను కేంద్ర ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు. వాదన ఎలా ఉన్నా, వాడుతున్న ఆకులు, చూర్ణాల పేర్లు డాక్టరు దగ్గర దాచకూడదు.

మరి పూడిక తీయడం ఎలా? ఇక్కడే మంచి కబురు ఉంది. కొవ్వు చేరిన కాలేయం మళ్ళీ బాగుపడగలదు. లావుగా ఉన్న మనిషి తన బరువులో నూటికి అయిదు వంతులు తగ్గితే కాలేయంలో కొవ్వు తగ్గుతుంది. ఏడునుంచి పది వంతులు తగ్గితే వాపు కూడా తగ్గుతుంది. 80 కిలోల మనిషికి అయిదు వంతులంటే నాలుగు కిలోలే! మనవారిలో సన్నగా ఉండి పొట్ట మాత్రం ఉన్నవారికీ ఈ జబ్బు వస్తుంది. వారికి బరువుకంటే నడుము కొలత మంచి గుర్తు.

రోజుకు అరగంట చొప్పున వారానికి అయిదు రోజులు చురుగ్గా నడవాలి. చక్కెర కలిపిన పానీయాలు మానాలి. 300 మిల్లీలీటర్ల కూల్‌డ్రింకులో సుమారు 30 గ్రాముల చక్కెర ఉంటుంది. సారాయి జోలికి పోకూడదు. తిండి విషయంలో మన సీమకు మంచి సంప్రదాయమే ఉంది. జొన్నరొట్టె, కొర్రన్నం, ఆకుకూర పప్పు మన పెద్దలు తిన్నవే. వాటిలో పీచు ఎక్కువ. పాలిష్ పట్టిన బియ్యపు అన్నంకంటే మెల్లగా అరుగుతాయి. అయితే కొర్రన్నమని కంచం నిండా రెండుసార్లు పెట్టుకుంటే అదీ చక్కెరే, గుర్తుంచుకోండి.

కళ్ళు పచ్చబడినా, పొట్టలో నీరు చేరి ఉబ్బినా, రక్తం వాంతి అయినా, మలం తారులా నల్లగా వచ్చినా, మనిషి మాట తడబడి మత్తుగా ఉన్నా సోమవారం దాకా ఆగకూడదు. కర్నూలు పెద్దాసుపత్రికో, కడప రిమ్స్‌కో, దగ్గరలో ఉన్న ఏ ఆసుపత్రికో వెంటనే వెళ్ళాలి.

మన కథలోని నాయనకు ఇవేవీ లేవు. కూతురు ఒక కాగితం మీద ఆయన వాడే మాత్రల పేర్లు, అవ్వ ఇచ్చిన చూర్ణం పేరు, ముందురోజు మూటలు ఎత్తిన సంగతి వరసగా రాసింది. అడిగి తెలుసుకోవలసిన ప్రశ్నలు కింద రాసింది. సోమవారం ఉదయం ఆ కాగితం పరీక్షల కాగితంతోపాటు మడిచి ఆయన చొక్కా జేబులో పెట్టింది.

"మాత్ర వేసుకున్నావా నాయనా?" అని అడిగింది.

"వేసుకున్నాలేమ్మా" అని ఆయన బస్సుకు బయలుదేరాడు.

మీ ఇంట్లోనూ అలాంటి కాగితం వస్తే మీరు చేయగలిగిన సాయం ఇదే. అంకెను చూసి భయపెట్టేవారు చాలామంది ఉంటారు. అది కబురని చెప్పి, దానిని చదవగలిగినవారి దగ్గరికి పంపేవారు ఒక్కరు ఉన్నా చాలు.